పాలు తల్లివి – పూచీ ఇంటిది



ఈ నెల నేను వ్రాయబోయే సంగతి చూసి కొందరు పెద్దలు "అయ్యగారికి ఇదేం పని?" అనుకోవచ్చు. చంటిబిడ్డకు పాలివ్వడం ఆడవారి సంగతి, పురిటి గది సంగతి, వేదిక మీద ఎత్తవలసిన సంగతి కాదు అని నేను కూడా చాలా కాలం అనుకున్నాను. అలా అనుకోవడమే నా పొరపాటు. దాన్ని మీ ముందు ఒప్పుకొని, గర్భిణీ స్త్రీలకు, బాలింతలకు, ముఖ్యంగా వారి ఇంటివారికి నాలుగు మాటలు చెప్పాలని ఇది వ్రాస్తున్నాను.

మూరెడు పెట్టె

కొన్నేళ్ళ క్రిందటి మాట. కొల్లేటి లంక గ్రామాల్లో ఒకదానిలో మన సంఘపు కుటుంబం ఒకటి ఉంది. భర్త చేపల చెరువు మీద కాపలా. భార్య పుట్టింట్లో పురుడు పోసుకుని, మూడో నెలలో తొలిచూలు బిడ్డను ఎత్తుకుని అత్తవారింటికి వచ్చింది. వచ్చిన పది రోజులకు బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. రెండు రోజులు ఇంటి వైద్యం చేశారు. మూడో రోజు ఏలూరు తీసుకువచ్చేసరికి ఆలస్యమైపోయింది.

భూస్థాపనకు నేనే వెళ్ళాను. మూరెడు పెట్టె. ఇచ్చిన దేవుడే తీసుకున్నాడని యోబు మాట ఎత్తి, ప్రార్థన చేసి, ఆ తల్లిని ఓదార్చి బయలుదేరాను. "పాలు పళ్ళేదండి అయ్యగారూ, ఏం చేత్తామండి, పిల్లకి రాత లేదు" అంది ఆ ఇంటి మామ్మగారు. నేను తల ఊపాను.

నాతో మన సంఘంలో నర్సుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దమ్మగారు వచ్చారు. ఆటోలో ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. కైకలూరు రోడ్డెక్కాక అన్నారు: "అయ్యగారూ, దేవుడు తీసుకున్నాడన్నారు. ఆ ఇంట్లో పాలసీసా చూశారా? అది కడిగే నీళ్ళు చూశారా? ఆ అమ్మాయికి పాలు పడకపోవడం కాదండి. పడనివ్వలేదండి."

ఆవిడ ఆ తల్లిని అడిగి తెలుసుకున్నది ఇది. ఆపరేషన్ కాన్పు. మత్తు దిగేవరకు బిడ్డకు డబ్బాపాలు పట్టారు. మొదటి మూడు రోజులు వచ్చిన పసుపుపచ్చని పాలు చెడ్డవని పిండి పారబోయించారు. నాలుగో రోజు బిడ్డకు రొమ్ము పట్టడం రాలేదు, ఏడ్చాడు. "చూశావా, నీకు పాలు చాలవు" అన్నారు. ఇంటికి వచ్చిన ప్రతివారూ ఆ మాటే అన్నారు. సీసా మొదలైంది. సీసాతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము తాగడు. తాగకపోతే పాలు ఊరవు. నెలన్నరకు నిజంగానే పాలు ఇంకిపోయాయి. డబ్బా ఖరీదు భరించలేక చెంచాలు తగ్గించి నీళ్ళు పెంచారు.

ఆ మాటలు విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తల్లి గర్భవతిగా ఉన్నప్పుడు ఏడో నెల ప్రార్థనకు వెళ్ళినవాణ్ణి నేను. సుఖప్రసవం కోసం ప్రార్థించి, భోజనం చేసి వచ్చాను. ప్రసవం తరువాత ఆ ఇంట్లో ఏమి జరగాలో ఒక్క మాట చెప్పలేదు. నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

ఎల్కానా చేసిన పని

హన్నా ప్రార్థన గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఆమె కన్నీళ్ళు, మ్రొక్కుబడి, సమూయేలును అప్పగించడం అందరికీ తెలుసు. ఆ రెంటికీ మధ్యనున్న సంగతి మాత్రం మనం దాటిపోతాం. 1 సమూయేలు మొదటి అధ్యాయం 21 నుండి 24 వచనాలు మరల చదవండి. ఏటేటా షిలోహుకు వెళ్ళే కాలం వచ్చింది. హన్నా నేను రాను, బిడ్డ పాలు విడిచేవరకు ఇంట్లోనే ఉంటాను అని చెప్పింది. ఎల్కానా భక్తిపరుడు, ప్రతి సంవత్సరం బలి అర్పించేవాడు. అయినా భార్యను నిందించలేదు. నీకు మంచిదని తోచినట్టు చెయ్యి, బిడ్డ పాలు మానేవరకు ఉండు అన్నాడు. ఆమె ఉండి బిడ్డను పెంచింది.

గమనించారా? దేవాలయంలో సేవ చేయవలసిన ప్రవక్తకు మొదట కావలసినది తల్లిపాలు. ఆ పాలు ఆగకుండా ఉండడానికి కావలసినది పక్కన నిలబడిన భర్త. ఇక అబ్రాహాము అయితే ఇస్సాకు పాలు విడిచిన దినాన గొప్ప విందే చేశాడు (ఆదికాండము 21:8). పాలు త్రాగే కాలం ఇంటిల్లిపాదికీ సంబంధించినదని ఆ దినాల్లో వారికి తెలుసు.

నేను చెప్పదలచినది ఇదే. పాలు తల్లివి, పూచీ మాత్రం ఇంటిది. తల్లికి పాలు చాలడం లేదంటే, ఆమె శరీరంలో లోపం వెదకక ముందు ఆ ఇంటి మాటల్లో, ఆ ఇంటి పద్ధతుల్లో లోపం వెదకాలి.

మొదటి గంట

బిడ్డ పుట్టిన గంటలోపు తల్లి రొమ్ము పట్టించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, మన ప్రభుత్వం అందరూ చెప్పేది ఒకటే: గంటలోపు మొదలు, ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మరేమీ వద్దు, తరువాత ఇతర ఆహారంతో పాటు రెండేళ్ళు, ఆ పైన కూడా ఇవ్వవచ్చు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో నూటికి సుమారు 89 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. కాని గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు నూటికి 42 మంది మాత్రమే. కనుక ఆసుపత్రికి చేరితే చాలదు. పక్కనున్న మనుషులకు కూడా తెలిసి ఉండాలి.

మొదటి రెండు మూడు రోజులు వచ్చే చిక్కని పసుపుపచ్చ పాలను ముర్రుపాలు అంటారు. ఆవు ఈనితే జున్ను కోసం ఇంటింటికీ పంచుకుంటాం, తల్లి ముర్రుపాలను మాత్రం పారబోస్తాం! రోగాలను ఎదుర్కొనే శక్తి వాటిలో మెండుగా ఉంటుంది. బిడ్డకు అదే మొదటి టీకా వంటిది. "చెంచాడే వస్తున్నాయి, ఏం సరిపోతాయి?" అంటారు. మొదటి రోజు బిడ్డ కడుపు చాలా చిన్నది, ఆ చెంచాడే సరిపోతుంది. పాలు నిండుగా పడడం రెండు నుండి నాలుగు రోజుల మధ్య మొదలవుతుంది.

మన ప్రాంతంలో పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాస్తారు, ఆముదం పోస్తారు, పంచదార నీళ్ళు పడతారు, వీధిలోకి గాడిద వస్తే ఆ పాలు కొని పోస్తారు. ప్రేమతోనే చేస్తారు, కాదనను. కాని ఇవేవీ వద్దు. ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రమాదకరం కూడా. పెద్దవారి దీవెన కావాలనుకుంటే బిడ్డ తల మీద చెయ్యి ఉంచి ప్రార్థించండి. నోట్లో ఏమీ వేయకండి.

ఆపరేషన్ అయిన తల్లులకు ఒక మాట. అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. నడుముకు మత్తు ఇచ్చి ఆపరేషన్ చేస్తే తల్లి మెలకువతోనే ఉంటుంది, త్వరగానే పాలివ్వవచ్చు. తనంతట తాను లేవలేదు కాబట్టి పక్కనున్నవారు బిడ్డను తెచ్చి రొమ్ము దగ్గర పట్టుకోవాలి. తల్లిని కొంచెం పక్కకు వాల్చి, వెనుక దిండు పెట్టి సాయం చేయాలి. అక్కడ కూర్చునే అమ్మమ్మ, నాయనమ్మల పని ఇదే. డబ్బా కోసం భర్తను షాపుకు పంపడం కాదు.

"పాలు చాలడం లేదు"

మన బాలింతలు ఎక్కువగా వినే మాట ఇది. ఎక్కువ హాని చేసే మాట కూడా ఇదే. పాలు ఎలా వస్తాయో తెలిస్తే ఈ మాట అనడానికి నోరు రాదు.

కుండలో నీళ్ళలాగా ముందే నిండి ఉండి తాగితే తగ్గిపోయేవి కావు ఇవి. బిడ్డ చీకిన కొద్దీ తల్లి మెదడు నుండి పాలు తయారు చేయమని ఆజ్ఞ వెళ్తుంది. ఎంత తాగితే అంత ఊరతాయి, చెలమలో నీరు తోడిన కొద్దీ ఊరినట్టు. రాత్రి వేళ ఇచ్చే పాలు మరీ ముఖ్యం, ఆ సమయంలో ఆ ఆజ్ఞ బలంగా ఉంటుంది. పాలు చేపు రావాలంటే మాత్రం తల్లి మనసు నెమ్మదిగా ఉండాలి. భయం, నొప్పి, సిగ్గు, సూటిపోటి మాటలు చేపును ఆపుతాయి. దూడను కట్టేసి, ఆవును బెదిరించి పాలు పిండగలమా? పశువు విషయంలో తెలిసిన సంగతి కోడలి విషయంలో మరచిపోతున్నాం.

మొదటి వారాల్లో రోజుకు ఎనిమిది నుండి పన్నెండు సార్లు పాలివ్వాలి. బిడ్డ ఏడ్చేవరకు ఆగనక్కరలేదు, పెదవులు చప్పరించినా, చేయి నోట్లో పెట్టుకున్నా ఆకలి వేసినట్టే. సాయంత్రం పూట గంట గంటకూ అడగవచ్చు. పాలు చాలక కాదు, పాలు పెంచుకునే దారి అది.

బిడ్డ పట్టు సరిగా ఉందో లేదో ఇలా చూడండి. నోరు బాగా తెరిచి ఉండాలి. గడ్డం రొమ్ముకు ఆని ఉండాలి. క్రింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. చనుమొన ఒక్కటే కాక దాని చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలా వరకు, ముఖ్యంగా క్రింది వైపున, నోటిలో ఉండాలి. మింగే చప్పుడు వినబడాలి. తల్లికి నొప్పి ఉంటే పట్టు సరిగా లేనట్టే. చిటికెన వ్రేలు బిడ్డ నోటి మూలలో పెట్టి మెల్లగా విడిపించి మరల పట్టించాలి.

పాలు చాలుతున్నాయో లేదో ఏడుపును బట్టి చెప్పకూడదు. అయిదో రోజు తరువాత ఇరవై నాలుగు గంటల్లో ఆరు లేక అంతకంటె ఎక్కువ సార్లు మూత్రం పోయాలి, అది తెల్లగా ఉండాలి. పుట్టిన కొద్ది రోజుల్లో బరువు కొంచెం తగ్గడం సహజమే, రెండు వారాలకు మరల పుట్టినప్పటి బరువుకు రావాలి. ఆ తరువాత నెలకు అరకిలోకు తగ్గకుండా పెరగాలి. అంగన్‌వాడీలో తూకం ఉంది. ఇరుగుపొరుగు అభిప్రాయం కన్న తూకం మాట నమ్మండి. మూత్రం తగ్గినా, బిడ్డ మందంగా పడుకుని తాగడానికి లేవకపోయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

చుట్టూ నీళ్ళే

తమ్మిలేరు, బుడమేరు నీళ్ళు కొల్లేటికి వస్తాయి, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోతాయి. వేసవిలో ఉప్పుటేరు వెంట ఉప్పునీరు ఎగదన్నుతుంది. కనుచూపు మేర నీళ్ళున్న ఊళ్ళలో గొంతు తడుపుకోవడానికి టిన్ను నీళ్ళు కొనుక్కుంటున్నారు. అలాంటి చోట పాలసీసా అంటే ఏమిటో ఆలోచించండి. సీసా కడగడానికి నీళ్ళు, మరిగించడానికి పొయ్యి, కలపడానికి మరల నీళ్ళు. ఎక్కడ అశ్రద్ధ జరిగినా బిడ్డ కడుపులోకి రోగమే. పీక మూలల్లో మిగిలిన పాలచుక్క మన ఎండకు ఎంతసేపట్లో పాడవుతుందో గృహిణులకు నేను చెప్పనక్కరలేదు.

తల్లిపాలలో నూటికి సుమారు 88 వంతులు నీరే. కనుక రోహిణీ కార్తె ఎండల్లో కూడా ఆరు నెలల లోపు బిడ్డకు వేరే నీళ్ళు అక్కరలేదు. దాహం వేస్తే మరోసారి పాలివ్వండి. నీళ్ళు త్రాగవలసినది తల్లి. గ్రైప్ వాటర్, వస కొమ్ము అరగదీసి పోయడం కూడా మానండి.

2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయినప్పుడు ఊరంతా భయపడింది. పరీక్షల్లో సీసం, నికెల్, పురుగుమందుల మాటలు వినబడ్డాయి. అలాంటి భయం కలిగినప్పుడు తల్లులకు వచ్చే మొదటి ఆలోచన "నా పాలు కూడా విషమేమో, ఆపేద్దామా?" అని. తొందరపడి ఆపకండి. అనుమానం ఉంటే డాక్టరును అడగండి. నీటి మీద అనుమానం ఉన్న ఊరిలో, ఆ నీటితోనే కలిపే పాలు తల్లిపాల కన్న మంచివి ఎలా అవుతాయి?

తల్లి కంచం

బిడ్డకు పాలిచ్చే తల్లికి మామూలు కంటె రోజుకు 500–600 కేలరీలు ఎక్కువ కావాలి. అంటే ఇంచుమించు ఇంకొక పూట భోజనం. మన ఇళ్ళలో జరిగేది దీనికి తలక్రిందులు. పత్యం పేరుతో కూర లేదు, పప్పు లేదు, పండు లేదు, చారెడు నీళ్ళకు కూడా లెక్క. బాలింత ఎండిపోతుంది. తరువాత "పాలు లేవు" అంటారు.

మన పెద్దల పద్ధతుల్లో మంచివి లేకపోలేదు. కాయం, వెల్లుల్లి కారం, నువ్వులు, మునగాకు, సొరచేప పిట్టు – ఇవి రుచిగా, పుష్టిగా ఉంటాయి. పెట్టండి. ఏ ఒక్కటీ మంత్రం కాదు, కాని ప్రేమతో వండిన అన్నం తల్లికి బలమే. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, చేపలు అన్నీ తినవచ్చు. దాహం తీరేదాకా నీళ్ళు త్రాగాలి. ప్రసవం తరువాత ఆరు నెలలు ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు మానకూడదు. ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను అడిగితే ఇస్తారు.

భర్తలకు ప్రత్యేకంగా చెబుతున్నాను. మీరు పాలివ్వలేరు. మిగిలినవన్నీ చేయగలరు. రాత్రి బిడ్డ లేచినప్పుడు లేచి తల్లి చేతికి అందించండి, గ్లాసుడు నీళ్ళివ్వండి, గుడ్డలు మార్చండి. మీ అమ్మగారు గాని, అత్తగారు గాని "పాలు చాలవు" అన్నప్పుడు మౌనంగా ఉండకండి. "అమ్మా, తూకం వేయిద్దాం, అప్పుడు మాట్లాడదాం" అని మర్యాదగా చెప్పండి. ఎల్కానా చేసినది అదే.

ప్రసవం తరువాత తల్లి ఊరికే ఏడుస్తుంటే దయ్యమని, విశ్వాసం తక్కువని అనకండి. కొద్ది రోజులు అలా ఉండడం సహజం. రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది జబ్బు. ప్రార్థన చేయండి, డాక్టరుకు కూడా చూపించండి.

పనికి వెళ్ళే తల్లి, దూరదేశం వెళ్ళే తల్లి

నిర్గమకాండము రెండవ అధ్యాయంలో మోషే తల్లి తన బిడ్డకే జీతం తీసుకుని పాలిచ్చింది. పాలివ్వడం కూడా పనే, ఆ పనికి కూడా వెల ఉన్నదని ఫరో కుమార్తెకు తెలిసింది. మన చట్టం 2017లో ప్రసూతి సెలవును మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలకు పెంచింది. ఉద్యోగం చేసే సహోదరీలు అది తమ హక్కని తెలుసుకోవాలి. అయితే రొయ్యలు ఒలిచే షెడ్డులో రోజుకూలికి, తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టులో గ్రేడింగు చేసే చెల్లికి ఆ సెలవు ఎవరిస్తారు?

ఆమెకు తెలియవలసినది పాలు పిండి ఉంచే పద్ధతి. చేతులు సబ్బుతో కడుక్కుని, మరిగించి ఆరబెట్టిన స్టీలు గిన్నెలోకి పాలు పిండి మూత పెట్టాలి. మన ఎండల్లో బయట నాలుగు గంటలకు మించి ఉంచవద్దు, ఫ్రిజ్‌లో ఉంచితే ఇంకా ఎక్కువసేపు ఉంటాయి. ఇంట్లో ఉన్నవారు సీసాతో కాక ఉగ్గుగిన్నెతో పట్టాలి. మన అమ్మమ్మల ఉగ్గుగిన్నె సీసా కన్న ఎంతో మేలు, మూలలు లేవు, కడగడం తేలిక. పనిచోట కూడా మధ్యలో ఒకటి రెండు సార్లు పాలు పిండితే ఇంకిపోవు. యజమానులైన విశ్వాసులారా, మీ షెడ్డులో ఒక మూల గోనెపట్టా కట్టి పావుగంట తీరిక ఇవ్వడం మీకు భారమా?

గోదావరి జిల్లాల నుండి ఇంటి పనికి కువైట్, కతార్ వెళ్ళిన అక్కచెల్లెళ్ళు మనకు ఎందరో. అప్పు తీర్చడానికి నెలల బిడ్డను అమ్మమ్మ ఒడిలో పెట్టి విమానం ఎక్కినవారూ ఉన్నారు. వారిని నిందించే హక్కు నాకు లేదు. ఒక్కటే మనవి. వీలైతే ఆరు నెలలు నిండేవరకు ఆ ప్రయాణం ఆపండి. ఆ ఆరు నెలల వడ్డీ గురించి సంఘంతో మాట్లాడండి. సంఘమా, అలాంటి మాట వస్తే చెవిన పెట్టు.

డబ్బాపాల సంగతి

1970లలో పేద దేశాల్లో డబ్బాపాల ప్రచారం వల్ల పసిబిడ్డలు జబ్బు పడుతున్నారని లోకమంతా గోల పుట్టింది. అమెరికాలో ఒక కన్యకల మఠం, ప్రశస్త రక్త సహోదరీలు అనేవారు, వాటాదారులుగా ఉండి 1976లో బ్రిస్టల్ మయర్స్ కంపెనీ మీద ఈ విషయమై దావా వేశారు. పెళ్ళి లేని, బిడ్డలు లేని ఆ సహోదరీలు ఎవరి బిడ్డల కోసమో కోర్టుకెక్కారు! 1981లో ప్రపంచ ఆరోగ్య సభ డబ్బాపాల అమ్మకానికి నియమావళి చేసింది. మన దేశం 1992లో చట్టమే తెచ్చింది, 2003లో దాన్ని మరింత గట్టి చేసింది. ఆ చట్టం ప్రకారం డబ్బాపాలకు గాని, పాలసీసాలకు గాని ప్రకటనలు ఇవ్వకూడదు. తల్లులకు ఉచితంగా పంచకూడదు. డబ్బా మీద పాప బొమ్మ వేయకూడదు. తల్లిపాలే శ్రేష్ఠమని డబ్బా మీదే అచ్చు వేయాలి. కనుక బిడ్డను చూడడానికి వెళ్ళేటప్పుడు సీసా, డబ్బా కానుకగా తీసుకువెళ్ళే అలవాటు మనం మానుకుందాం. బాలింతకు పళ్ళు, గుడ్లు తీసుకువెళ్దాం.

ఇంతమాత్రాన డబ్బాపాలు పట్టే ప్రతి తల్లీ దోషి అని కాదు. నిజంగానే పాలు తక్కువ పడే తల్లులు కొద్దిమంది ఉన్నారు. తల్లి చనిపోయిన బిడ్డలున్నారు. అలాంటప్పుడు డాక్టరు సలహాతో డబ్బాపాలు పట్టడం పాపం కాదు, అది కూడా దేవుని ఏర్పాటే. కాని డబ్బా మీద వ్రాసిన కొలత ప్రకారమే కలపండి. నీళ్ళు మరిగించండి. ఎప్పటికప్పుడు తాజాగా కలిపి గిన్నెతో పట్టండి, మిగిలినవి దాచకండి. ఏడాది లోపు బిడ్డకు గేదెపాలు నీళ్ళు కలిపి పట్టడం దానికి బదులు కాదు.

చిక్కులు వచ్చినప్పుడు

రొమ్ములో పాలు గడ్డకట్టి నొప్పి పుడితే పాలివ్వడం ఆపవద్దు. బిడ్డకు తరచుగా పట్టించి, చల్లని గుడ్డ వేయండి. జ్వరం, ఎర్రదనం ఉంటే మరుసటి రోజుకు ఆగక డాక్టరుకు చూపించండి. తల్లికి మామూలు జలుబు, జ్వరం వచ్చినా పాలివ్వవచ్చు. ఏ మందు వాడినా "నేను పాలిచ్చే తల్లిని" అని డాక్టరుకు చెప్పండి.

ఒక రహస్య భారం మోసే తల్లులకు కూడా చెప్పాలి. హెచ్.ఐ.వి. ఉన్న తల్లి మందులు తప్పకుండా వాడుతూ పాలివ్వవచ్చని ఇప్పుడు వైద్యులు చెబుతున్నారు. ప్రమాదం ఎక్కువగా ఉండేది మందులు మానినప్పుడు, మొదటి ఆరు నెలల్లో తల్లిపాలు, పైపాలు కలిపి పట్టినప్పుడు. ఏ.ఆర్.టి. కేంద్రంలో చెప్పినట్టు చేయండి. మీ పేరు ఎవరి నోటా పడకుండా చూసే బాధ్యత సేవకులమైన మాది.

ఆరు నెలలు నిండాక పాలతో పాటు మెత్తని ఆహారం మొదలుపెట్టాలి. అన్నం, పప్పు, నెయ్యి కలిపి మెదిపి, జారిపోయే జావగా కాక చెంచాకు నిలిచేటంత చిక్కగా పెట్టండి. అరటిపండు, ఉడికిన గుడ్డు, ముళ్ళు తీసిన చేప క్రమంగా అలవాటు చేయండి. తల్లిపాలు మాత్రం మానవద్దు.

సంఘం చేయగల పని

ఆ చిన్న సమాధి తరువాత మన సంఘంలో నాలుగు పనులు మొదలుపెట్టాం. మీ సంఘాల్లో కూడా చేయవచ్చు.

ఏడో నెల ప్రార్థనకు వెళ్ళినప్పుడు భర్తను, అత్తగారిని, అమ్మగారిని కూర్చోబెట్టి మన నర్సమ్మగారు పావుగంట మాట్లాడతారు. ఆ తరువాతే భోజనం.

ప్రసవమైన వారంలోపు ఇద్దరు పెద్ద స్త్రీలు ఆ ఇంటికి వెళ్తారు. పట్టు చూస్తారు, ధైర్యం చెబుతారు.

నలభై రోజులు, రోజుకొక కుటుంబం చొప్పున బాలింత ఇంటికి ఒక క్యారేజీ వెళ్తుంది.

నాలుగవది నేను సిగ్గుతో చెప్పేది. ఒకప్పుడు ప్రసంగం మధ్య బిడ్డ ఏడిస్తే "తల్లులు బయటికి తీసుకువెళ్ళండి" అని మైకులో అనేవాణ్ణి. మండుటెండలో గోడ పక్కన నిలబడి, కొంగు చాటున పాలిచ్చిన ఆ తల్లులు నన్ను క్షమించాలి. ఇప్పుడు మందిరంలో వెనుక మూల తెర కట్టి, ఫ్యాను పెట్టి, రెండు కుర్చీలు వేశాం. తన ప్రేమను చెప్పడానికి దేవుడే చంటిబిడ్డను మరువలేని తల్లిని పోలికగా తీసుకున్నాడు (యెషయా 49:15). అలాంటి తల్లికి ఆయన మందిరంలో చోటు లేదనడం ఏమి న్యాయం?

మరల ఆ లంకకు

ఆ తల్లి మరల గర్భవతి అయ్యింది. ఈసారి నర్సమ్మగారు మూడుసార్లు లంకకు వెళ్ళారు. 2024 మే నెలలో ఆడపిల్ల పుట్టింది. మొదటి గంటలోనే పాలు పట్టించింది ఎవరనుకున్నారు? "పాలు పళ్ళేదండి" అన్న ఆ మామ్మగారే. కోడలి వెనుక దిండు సర్ది, బిడ్డను తానే పట్టుకున్నారట. భర్త రాత్రి కాపలా మార్పించుకుని మూడు నెలలు పగటి పనికి వెళ్ళాడు.

ఆ సెప్టెంబరులో బుడమేరు పొంగింది. ఆ నీరు కొల్లేటికి చేరి లంకలకు దారులు మునిగిపోయాయి. నాకు ఫోను దొరికినప్పుడు మొదట అడిగినది బిడ్డ సంగతి. వరదలో మంచినీళ్ళకే కరువు, షాపులు లేవు, పొయ్యి వెలిగే చోటు లేదు. ఆ తల్లి గొంతు నెమ్మదిగా ఉంది. "పాపకేం ఇబ్బంది లేదండి అయ్యగారూ. దానికి కావాల్సింది నా దగ్గరుందండి. మాకే కాస్త మంచినీళ్ళు పంపించండి" అంది.

ఫోను పెట్టేసి నేను మోకరించాను. మొదటి బిడ్డ కోసం చేయవలసిన ప్రార్థన ఆ రోజు రెండవ బిడ్డ కోసం కృతజ్ఞతగా చేశాను. నీళ్ళు తగ్గాక ఆ పాపను మందిరంలో ప్రతిష్ఠించాం. ప్రార్థన మధ్యలో పాప ఏడ్చింది. నేను ఆగాను. తల్లి తెర వెనుకకు వెళ్ళి పాలిచ్చి తిరిగి వచ్చేవరకు సంఘమంతా పాటలు పాడుతూ కనిపెట్టింది.

ప్రియులారా, ఈ నెలలో మీ వీధిలో ఒక బాలింత ఉండే ఉంటుంది. ఆమె ఇంటికి వెళ్ళండి. "పాలు చాలుతున్నాయా?" అని అడగకండి. "అన్నం తిన్నావా అమ్మా?" అని అడగండి. తల్లులను, వారి ఒడిలోని పసివారిని ప్రభువు తన కృపతో కాపాడును గాక. ఆమేన్.